తవిటయ్య చూపించిన దిక్కు

ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో తవిటయ్య బాయిలర్ షాపు మనిషి. ఎర్రగా కాల్చిన మేకులాంటి రివిట్‌ను బాయిలర్ కడుపులో కూర్చుని ఒకడు ఇనపదిమ్మెతో అదిమి పట్టుకోవాలి, బయటినుంచి ఇంకొకడు దాని తల అణగ్గొట్టాలి. తవిటయ్య ఇరవై ఏళ్ళు లోపల కూర్చుని పట్టుకున్నాడు, ఆపైన తొమ్మిదేళ్ళుగా బయటినుంచి కొడుతున్నాడు. టెక్కలి దగ్గరి పల్లె నుంచి ఇరవై రెండో ఏట వచ్చిన మనిషికి ఇప్పుడు యాభై ఒకటి. కూతురు పెళ్ళయి చక్రధర్‌పూర్‌లో ఉంది. న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లో అతనూ, భార్య దాలమ్మా ఇద్దరే.

1963 జూన్ నెలాఖరులో ఒక సాయంత్రం, తొలివానలు పడి నేల చల్లబడ్డాక, ఇన్‌స్టిట్యూట్ అనే రైల్వేవాళ్ళ క్లబ్బు మెట్ల మీద కూర్చుని అతను తోటివాళ్ళతో ఒక మాటన్నాడు.

"మా క్వార్టర్ల లైను ఎనకాతల మామిడిసెట్టు మీద ఓ పిట్ట కూసీది. బెంగాలీవోళ్ళు 'చోఖ్ గేలో, చోఖ్ గేలో' అని కూస్తాదంతారు సూడండి, కన్ను పోనాది కన్ను పోనాదని, అదే. తెల్లారగట్ల దాని గోలకే మెలకువొచ్చీది. ఐదేళ్ళయిపోనాది, కూత నేదు. వానొస్తే కీసురాళ్ళైనా అరవాల గదా, అవీ నేవు. ఈ పొగకి అన్నీ ఎళ్ళిపోనాయి."

తోటివాళ్ళు తలలూపి వేరే మాటల్లో పడ్డారు. కానీ పై మెట్టు మీద నిలబడిన సొలొమోను కిందికి దిగి వచ్చాడు. సొలొమోను గూడ్సు గార్డు. వాల్తేరు నుంచి బదిలీ అయి వచ్చి ఏడాది కాలేదు. పక్షులన్నా చెట్లన్నా ప్రాణం పెట్టే మనిషి. ఇన్‌స్టిట్యూట్‌లో ఇద్దరిని పోగేసి ప్రకృతి పరిశీలక బృందమని పేరు పెట్టి, డ్యూటీ లేని ఆదివారాలు అడవికి తీసుకుపోయేవాడు. రైలు ఈ కొసనుంచి ఆ కొసకు కేకవేసి అలవాటైన గొంతు అతనిది.

"తవిటయ్య గారూ, ఎదురుగా ఉన్నదాన్ని అందరూ చూస్తారు. ఆగిపోయినదాన్ని గమనించేవాడు వెయ్యిమందిలో ఒకడుండడు. మీరన్నది రాసుకోమంటారా?" అని జేబులోంచి నోటుబుక్కు తీశాడు. తారీకు వేసి, తవిటయ్య పేరు రాసి, అతను చెప్పింది రాశాడు. "వచ్చే ఆదివారం సాలువా అవతలి అడవికి వెళ్తున్నాం. మీలాంటివాళ్ళు మాకు కావాలి, రావాలి" అన్నాడు.

తన మాటను ఒకరు పుస్తకంలో ఎక్కించుకోవడం తవిటయ్య ఎరగడు. ఇంటికి వెళ్ళేదాకా నేలమీద నడిచినట్టు లేదు.

"అడవిలో పిట్టల్ని పట్టుకుంతారేటి?" అని అడిగింది దాలమ్మ.

"పట్టుకోరే. సూస్తారు."

"సూసి?"

"రాసుకుంతారు."

"రాసుకుని?"

"గార్డు బాబు రమ్మన్నారు, ఎల్తన్నాను" అన్నాడు.

ఆదివారం తెల్లవారుతూనే నాలుగు సైకిళ్ళు బయలుదేరాయి. సొలొమోను కాక ఇంకిద్దరు: రైల్వే బడిలో టీచరు ఎమిలీ, డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసే వెంకటరావు. ఎమిలీకి ముప్ఫై లోపే. పరిచయమైన నిమిషానికే "బాబాయ్" అని పిలిచింది. వెంకటరావు సన్నగా పొడుగ్గా ఉంటాడు, అచ్చం తాను గీసే గీతలాగే. బొమ్మలు వేసే పని అతనిది. ఆకాశం మూసుకుని ఉంది కానీ వాన లేదు. సాలువాలో సాయుధ పోలీసుల శిబిరం దాటాక ఒక టీ కొట్టు ముందు మూడు సైకిళ్ళు పెట్టారు. నాలుగోది తవిటయ్యది, చద్దిమూట, నీళ్ళ డబ్బా దానిమీద ఉన్నాయని నడిపించుకుంటూ అడవి మొదలుదాకా తెచ్చి ఒక చెట్టుకు ఆనించాడు.

అక్కడ సొలొమోను అందరినీ ఆపి, తవిటయ్య కొత్తవాడు కనుక అతని ముఖంలోకి చూస్తూ నియమాలు చెప్పాడు. "లోపల గుసగుసే, గొంతెత్తకూడదు. మన కంటితో చూసిందీ, మన చెవితో విన్నదీ రాస్తాం. పక్కవాడు చెప్పాడని రాయకూడదు. అనుమానముంటే అనుమానమనే రాస్తాం." తవిటయ్యకూ ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చాడు.

అది సాల్ అడవి. టెక్కలి కొండల్లో గుగ్గిలం చెట్లనే చెట్లు. వాన తడికి బోదెలు నల్లబడి, ఆకులు కొత్తగా మెరుస్తున్నాయి. కింద ఎర్ర గులకనేల మీద పోయినేటి ఆకులు మెత్తబడి అడుగు చప్పుడు కానివ్వడం లేదు. తవిటయ్య ముప్ఫై ఏళ్ళ తరువాత చెట్ల మధ్య నడుస్తున్నాడు. చిన్నప్పుడు కొండకింద కౌజుపిట్టలకు ఉచ్చులు పెట్టినవాడు. ఎర్ర ముఖమల్ ముక్కల్లా పాకుతున్న ఆరుద్ర పురుగులు కనబడితే కూర్చుని చూశాడు. పెద్ద ఎర్రచీమలు ఆకుల్ని దగ్గరికి లాగి కుట్టిన గూడు చూశాడు. ఒక బోదె మీద ఉడుతేమో అనుకున్నది గబగబా వెనక్కి నడిచి పిట్ట అయింది. ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. చేతిలో పెన్సిలు సుత్తికన్నా బరువుగా ఉంది.

కానీ ఒక గంట గడిచేసరికి అతనికి ఏదో ఇబ్బంది మొదలైంది. ముందు సొలొమోను, తరువాత ఎమిలీ, ఆ వెనక వెంకటరావు, చివర తాను. కనబడుతున్నవి మూడు వీపులు. ఉన్నట్టుండి ముగ్గురూ ఒక్కసారే ఆగేవాళ్ళు. తలలు ఒకే వైపు తిరిగేవి. పెదాలు కదిలేవి, పెన్సిళ్ళు కదిలేవి. మళ్ళీ నడిచేవాళ్ళు. తవిటయ్య కూడా ఆగి, వాళ్ళు చూసిన వైపు చూసేవాడు. ఆకులే కనిపించేవి. వెంకటరావు వెనక్కి తిరిగి నవ్వితే తానూ నవ్వాడు. ఒకసారి అతను ఏదో అడిగినట్టు కనుబొమ్మ ఎగరేస్తే తవిటయ్య తల ఊపాడు. దేనికి ఊపాడో తనకే తెలియదు.

చెవులు కాస్త మందమని అతనికి తెలుసు. బాయిలర్ షాపులో అందరికీ మందమే. అక్కడ ఎవరూ ఎవరి మాటా వినరు. పెదాలు చూస్తారు, వేళ్ళు చూస్తారు. బయట ఈ మధ్య జనం నోట్లోనే మాట్లాడుకుంటున్నారని, గట్టిగా మాట్లాడే మర్యాద పోయిందని అతను అనుకునేవాడు. చెవిలో ఎప్పుడూ ఉండే హోరు అందరికీ ఉంటుందనే అనుకున్నాడు. అంతకుమించి ఆలోచించాల్సిన అవసరం రాలేదు.

తొమ్మిది గంటలకు సన్నని జల్లు మొదలై వెంటనే ఆగింది. సొలొమోను చెయ్యెత్తి అందరినీ ఆపాడు. వెనక్కి తిరిగినప్పుడు అతని ముఖం పండక్కి కొత్త బట్టలిచ్చిన పిల్లాడి ముఖంలా ఉంది.

"నవరంగ్!" అన్నాడు. పెదాలు స్పష్టంగా కదిలాయి కనుక తవిటయ్యకు అర్థమైంది. "పొట్టితోక, ఒంటినిండా రంగులు. కింద ఆకుల్లోనే తిరుగుతుంది. వాల్తేరు దగ్గర రెండేళ్ళు దాని ఈల విన్నాను, ఒక్కసారి కంటపడలేదు. మళ్ళీ ఈల వేస్తుంది, చూడండి. అందరూ కళ్ళు మూసుకోండి. వినబడిన వైపు వేలు చూపించండి. కళ్ళు తెరవొద్దు. ఒకరి వేలు చూస్తే ఇంకొకరి వేలు అటే తిరుగుతుంది."

నలుగురూ కళ్ళు మూసుకున్నారు.

తవిటయ్యకు చీకటి, హోరు మిగిలాయి. ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ లేదు. ఇంకా కూయలేదేమో అనుకున్నాడు. కాసేపటికి, కూసేసిందేమో, అందరూ వేళ్ళు చూపించేశారేమో, తానొక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడేమో అనిపించింది. కళ్ళు తెరిచి చూద్దామంటే గార్డు బాబు వద్దన్నాడు. ఆ నియమం తప్పడానికి మనసొప్పలేదు. కుడి బుగ్గకు చల్లగాలి తగిలింది. కుడివైపు వేలు చూపించాడు.

"తెరవండి" అని సొలొమోను భుజం తట్టాడు. సొలొమోను, ఎమిలీ ఎడమవైపు చూపిస్తున్నారు గానీ ఇద్దరి వేళ్ళకూ మధ్య బోలెడంత అడవి ఉంది. వెంకటరావు వేలు సూటిగా ముందుకుంది. తవిటయ్యది మాత్రం కుడికి.

"సార్, నాకు ఎడమవైపే గట్టిగా వినబడింది" అంది ఎమిలీ.

సొలొమోను తవిటయ్య వేలివంకే చూస్తున్నాడు. "ఈ పిట్టతో అదే చిక్కు. గొంతు చెట్లకు తగిలి ఇంకోచోట పలుకుతుంది. మనం ముగ్గురం మూడు రకాలుగా విన్నాం. మనందరిలోకీ అలవాటైన చెవి ఆయనది. ఆయన చూపించిన దిక్కుకే పోదాం."

తనకేమీ వినబడలేదని తవిటయ్య చెప్పాలనుకున్నాడు. ముగ్గురూ తనను చూస్తున్నారు, గౌరవంగా. చాచిన వేలు దించలేదు.

కుడివైపు నేల వాలుగా దిగి ఒక చిన్న గెడ్డలో కలుస్తుంది. మొన్నటి వానలకు గెడ్డలో ఎర్రనీళ్ళు పారుతున్నాయి. గట్టు గులక తడికి జారుడుగా ఉంది. సొలొమోను దిగాడు. అతని వెనక ఎమిలీ ఒక వేరును పట్టుకుని కాలు పెట్టింది. వేరు ఊడొచ్చింది. ఆమె గట్టుమీదుగా జారి కిందపడి రెండు చేతులతో మడమ పట్టుకుంది. నోరు తెరిచి కేక వేయడం తవిటయ్యకు కనబడింది. ఆ కేక కూడా అతనికి ఎక్కడో గోడ అవతలినుంచి వచ్చినట్టే వినిపించింది.

అతనే ముందుగా దూకాడు. ఆమెను ఎత్తుకుని పైకి తెచ్చి ఒక ఇప్పచెట్టు కింద కూర్చోబెట్టాడు. మడమ అప్పుడే వాచి చెప్పులో పట్టడం లేదు. ఎముక విరగలేదని వేళ్ళతో నొక్కి చూసి, తన తువ్వాలు చింపి నీళ్ళలో తడిపి గట్టిగా కట్టాడు. షాపులో వేళ్ళు నలిగినవాళ్ళకు ఎన్నిసార్లో కట్లు కట్టిన చేతులు అతనివి.

మబ్బు కొంచెం విడింది. పలచని ఎండ ఆకుల మీద పడింది. నొప్పితో పళ్ళు బిగించిన ఎమిలీ ఉన్నట్టుండి పైకి చూసింది, నవ్వింది.

"బాబాయ్, అదిగో! మీ పిట్ట!"

"ఏటమ్మా?"

"చోఖ్ గేలో! చెవులు చిల్లులు పడేట్టు అరుస్తోంది కదా, అక్కడ, ఎండుకొమ్మ మీద."

తవిటయ్య తలెత్తాడు. చెట్టుకు ఇరవై అడుగుల ఎత్తున ఒక బూడిదరంగు పిట్ట, చూడడానికి డేగలాగే ఉంది, తోక మీద చారలు. అది నోరు తెరిచింది. గొంతు ఉబ్బింది. మూసింది. మళ్ళీ తెరిచింది, ఇంకొంచెం పెద్దగా. మళ్ళీ, ఇంకా పెద్దగా. ఒళ్ళంతా ఊగిపోతోంది. నోటి లోపలి రంగు కూడా కనబడుతోంది. తవిటయ్యకు ఏమీ వినబడలేదు. చెవిలో రోజూ ఉండే హోరు తప్ప ఏమీ లేదు.

అతను ముగ్గురి ముఖాలూ చూశాడు. వెంకటరావు చెవిలో వేలు పెట్టుకుని నవ్వుతున్నాడు. సొలొమోను పెదాలు లెక్కపెడుతున్నాయి. వాళ్ళు వింటున్నారు. అతను మళ్ళీ పిట్టను చూశాడు. అది ఇంకా నోరు తెరుస్తూనే ఉంది.

"పిట్ట ఎళ్ళిపోనేదు" అన్నాడు తవిటయ్య.

ఎవరికీ అర్థం కాలేదు.

"మా మామిడిసెట్టు మీది పిట్ట. అదెక్కడికీ ఎళ్ళిపోనేదు బాబూ. కూస్తానే ఉన్నాది. నాకే ఇనపడ్డం మానీసినాది." ఆగి, నేలను చూస్తూ అన్నాడు. "ఇందాక ఈల కూడా ఇననేదు. ఊరికే ఏలు సూపించీసినాను."

అడవిలో ఎంత నిశ్శబ్దంగా ఉందో, ఎంత గోలగా ఉందో అతనికి తెలియదు. వెంకటరావు ముఖం ఎర్రబడడం మాత్రం తెలిసింది.

"వినబడకపోతే వినబడలేదనాలి! వేలెందుకు చూపించారు? ఈవిడ కాలు చూడండి. ఎముక విరిగి ఉంటే?"

"తప్పే బాబూ. నన్ను గొప్పోడనుకున్నారు గదా. ఇన్నేళ్ళలో నన్నలాగ ఎవులూ అనుకోనేదు. అది ఒదులుకోబుద్ధి కానేదు."

సొలొమోను తడి నేలమీదే కూర్చుని నోటుబుక్కు తీసి, వెనక పేజీలు తిప్పి, ఒక పేజీ దగ్గర ఆగాడు. అతనికి కోపం వచ్చిందని తవిటయ్య అనుకున్నాడు. సొలొమోను ముఖమెత్తి, ప్రతి మాటా పెదాల మీద కనబడేలా నెమ్మదిగా అన్నాడు:

"మీరు వేలు చూపించడం తప్పే. కాదనను. కానీ మీ మామిడిచెట్టు కిందికి నేను ఒక్క పొద్దున కూడా వచ్చి నిలబడలేదు. పక్కవాడు చెప్పాడని రాయకూడదని మీకు చెప్పింది నేను. మీరు చెప్పారని రాసుకున్నదీ నేనే. ఆగిపోయింది అన్న మాట నాకు బాగా నచ్చింది, అందుకే రాసుకున్నాను." పెన్సిలుతో ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీశాడు. తరువాత నోటుబుక్కు మూసి, "ముందు ఎమిలీని ఇంటికి చేర్చాలి" అని లేచాడు.

వెంకటరావు, తవిటయ్య చేతులు కలిపి కుర్చీలా పట్టి ఆమెను సైకిలు దగ్గరికి మోసుకొచ్చారు. దారిలో వెంకటరావు అతనితో మాట్లాడలేదు. ఎమిలీ వెనక సీటు మీద కూర్చుంటే తవిటయ్య హ్యాండిలు పట్టుకుని నడిపించాడు. మిగతా ఇద్దరూ టీ కొట్టు దగ్గర తమ సైకిళ్ళూ ఎమిలీదీ తీసుకోవడానికి ఆగారు. బురదదారిలో కొంతదూరం పోయాక ఎమిలీ ముందుకు వంగి, అతని భుజం తట్టి, అతను తిరిగి చూశాకే నోరు విప్పింది.

"బాబాయ్, మీరు పెదాలు చూసి మాటలు పట్టుకుంటున్నారు కదా?"

"షాపులో అందరం అంతేనమ్మా."

"మరి వెనకనుంచి ఎవరైనా పిలిస్తే?"

"ఇనపడదు" అన్నాడు. ఆ మాట తన నోటితో అనడం అదే మొదలు.

ఇంకొంచెం దూరం పోయారు. ఆమె మళ్ళీ భుజం తట్టింది. "ఇప్పుడు నేనొకటి అన్నాను. తెలుసా?"

"తెల్దు తల్లీ. ఏటన్నావు?"

"కాలు భరించలేనంత నొప్పిగా ఉంది, మీమీద చాలా కోపంగా ఉంది అన్నాను."

తవిటయ్య సైకిలు ఆపేశాడు. తల దించుకున్నాడు. ఆమె చేత్తో అతని గడ్డం పైకెత్తింది, బడిలో పిల్లలకు ఎత్తినట్టు.

"ఎదురుగా కూడా చెప్పేశాను. అయిపోయింది. నడవండి, నాకు ఇంట్లో వేడినీళ్ళు కావాలి."

ఎమిలీని ఆమె ఇంట్లో దించి తన ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. దాలమ్మ వంట చేస్తోంది. తవిటయ్య గుమ్మంలో కూర్చుని కాళ్ళ బురద కడుక్కోకుండానే అన్నాడు.

"నా సెవులు పోనాయే."

దాలమ్మ గరిటె ఆపలేదు. అతని వైపు ముఖం తిప్పి, "ఇప్పుడా తెలిసినాది?" అంది.

"నీకు తెలుసా?"

"లైనంతటికీ తెలుసు."

"మరి నాకు సెప్పనేదేటి?"

"ఎన్నిసార్లు సెప్పినాను! నువ్వు ఇంటే గదా!" అని ఆమె నవ్వేసింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కుండ దించి, చేతులు కడుక్కుని వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. అడవిలో జరిగినదంతా అతను చెప్పాడు. పిట్ట నోరు తెరవడం గురించి రెండుసార్లు చెప్పాడు.

"దాలమ్మా, ఇప్పుడు ఈ ఇంట్లో ఏటేటి ఇనపడతన్నాయి? సెప్పు."

ఆమె మొదట వేళాకోళం అనుకుంది. అతని ముఖం చూసి, తల పక్కకు వంచి వింది.

"కుళాయి సుక్కలు పడతన్నాయి. వాసరు పోనాది. పదిసార్లు సెప్పినాను నీకు. పక్కింటి పోలమ్మ కోడలి మీద ఎగురుతున్నాది. షంటింగు ఇంజను. గోడమీద బల్లి. కీసురాళ్ళు."

"కీసురాళ్ళా? ఇప్పుడా?"

"ఇంటి సుట్టూ. వానొచ్చిన కాణ్ణించి ఇదే గోల."

"ఇంకేటి?"

దాలమ్మ కొంగు మడతలు సర్దుకుంది. "ఇంకేటుంది. నాను పాడుకుంతాను, వంట సేసినప్పుడు. ఇందాక నువ్వొచ్చినప్పుడు కూడా పాడతన్నాను."

దాలమ్మ పెళ్ళై వచ్చినప్పటి నుంచి పొయ్యి దగ్గర దంపుళ్ళ పాటలు పాడేది. కూతురు అత్తారింటికి వెళ్ళిన ఏడే ఆ పాట ఆగిపోయింది. బిడ్డ లేని ఇంట్లో ఆమెకు పాట రావడం లేదని అతను అనుకున్నాడు. అడిగితే ఏడుస్తుందని అడగలేదు. ఐదేళ్ళు ఆమె దిగులును తానూ మోశాడు, ఆమె వీపు చూస్తూ.

"నువ్వు మానీసినావనుకున్నాను" అన్నాడు.

"నానెందుకు మానుతాను?"

"పిల్ల ఎళ్ళిపోనాదని."

"ఎళ్ళిపోతే? అది సుకంగా ఉన్నాది గదా!" దాలమ్మకు ఆశ్చర్యంగా ఉంది. "మొదట్ల నువ్వే మూగోడివైపోనావనుకున్నాను. నాను పాడతంటే పలకవు, పిలిస్తే పలకవు. పనిలో అలిసిపోతన్నాడులే అనుకుని ఊరుకున్నాను మావా, సెవులని తరవాత గదా తెలిసినాది."

కూర చల్లారిపోయింది. తరువాత ఆమె అతని చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని, పల్లవి ఒకటి పాడింది. అతని వేళ్ళకింద గొంతు కదిలింది. పాట ఏదో అతను పెదాల మీద పోల్చుకున్నాడు.

మరునాడు పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు తవిటయ్య కుళాయి వాసరు మార్చాడు.

నాలుగు రోజుల తరువాత, ఇంకా మసక ఉండగానే, సొలొమోను వాళ్ళ లైనుకు వచ్చాడు. రాత్రంతా గూడ్సుబండితో వచ్చి, నల్లకోటు విప్పకుండా నేరుగా మామిడిచెట్టు కిందికి వెళ్ళి నిలబడ్డాడు. తవిటయ్య బయటికి వచ్చి పక్కన నిలుచున్నాడు. సొలొమోను పిట్ట కూసినప్పుడల్లా ఒక వేలు ఎత్తేవాడు. రెండు చేతుల వేళ్ళూ అయిపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆకుల్లో ఎక్కడుందో ఇద్దరికీ కనబడలేదు.

దాలమ్మ రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, "అటుకాదు బాబూ, గేటు వైపు కొమ్మలో ఉన్నాది. పొద్దుటేల అదే కొమ్మ. ఎండెక్కితే ఇటు మారతాది. దాని గొంతుకి రెండోదోటి అవతల లైనులోంచి పలుకుతాది, ఇనండి" అంది.

సొలొమోను విన్నాడు. నిజమే, దూరంగా ఇంకొకటి పలుకుతోంది. అతను దాలమ్మను కొత్తగా చూసినట్టు చూశాడు. "ఆదివారం మీరిద్దరూ రావాలి. తవిటయ్య గారూ, మీరు ఇక రానని ఎమిలీతో అన్నారట. కుదరదు. మీ నోటుబుక్కు చూశాను, కంటితో చూసినవి అందులో నాకన్నా ఎక్కువున్నాయి, ఆ చీమల గూడు నాకు కనబడనే లేదు."

తవిటయ్య ఆ నెలలోనే రైల్వే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. దాలమ్మ వెంట వెళ్ళి డాక్టరు మాటలు అతనికి పెదాలతో మళ్ళీ చెప్పింది. పోయింది తిరిగి రాదన్నాడు డాక్టరు. ఉన్నది నిలవాలంటే సుత్తి దగ్గర ఉండకూడదని చీటీ రాసిచ్చాడు. తవిటయ్యను పనిముట్లు ఇచ్చే గదికి మార్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ చోటు వదలడం అతనికి కష్టమే అయింది. మొదటి వారం అన్నం సయించలేదు.

ఆగస్టులో ఎమిలీ కాలు బాగయ్యాక అందరూ మళ్ళీ అడవికి వెళ్ళారు. ఈసారి ఐదుగురు. వెంకటరావు తవిటయ్యతో ముక్తసరిగానే ఉన్నాడు గానీ, వరసలో తన ముందు నడవమన్నాడు. తాను వెనక ఉంటే ఏదైనా వినబడినప్పుడు భుజం తట్టి చెప్పొచ్చని అన్నాడు. దాలమ్మ గాజులు గలగలమంటున్నాయని సొలొమోను ఇబ్బందిగా తీసెయ్యమని అడిగాడు.

"ముత్తయిదువని బాబూ, గాజులు తియ్యమంతారేటి!" అని ఆమె కస్సుమంది. చివరికి గాజుల మీద కొంగు చుట్టుకుంది.

మధ్యాహ్నం ముందు ఒక గుబురు పొదలోంచి ఎవరికీ తెలియని కూత వచ్చింది. సొలొమోను నోటుబుక్కు తిరగేశాడు. ఎమిలీ తల అడ్డంగా ఊపింది. పిట్ట కనబడలేదు. తవిటయ్య భార్య ముఖంలోకి చూసి, "ఎలాగున్నాది?" అని అడిగాడు.

దాలమ్మ కళ్ళు చికిలించి వింది. "ఇత్తడి గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు... కాదు కాదు. పెనం మీద మాడిన అట్టుని అట్లకాడతో గీకినట్టు. మూడుసార్లు గీకి ఆపుతాది. మళ్ళీ మూడు."

వెంకటరావు చెవి ఒగ్గి విని, "గీకినట్టే" అని ఒప్పుకున్నాడు.

తవిటయ్య పెన్సిలు నాలికకు అద్దుకుని, 'దాలమ్మ విన్నది' అని పైన రాసి, అట్లకాడ సంగతి కింద రాశాడు. "దీని పేరేంటంటారమ్మా?" అని సొలొమోను నవ్వుతూ అడిగాడు.

"పేరు మీరెతుక్కోండి బాబూ, నాకు ఇనడమే వచ్చు" అంటూ ఆమె అప్పటికే దారి వదిలేసింది. గుగ్గిలం చెట్ల మొదట్లో తెల్లగా పుట్టగొడుగులు పొడుచుకొచ్చి ఉన్నాయి. తవిటయ్య నోటుబుక్కు జేబులో పెట్టుకుని, కొంగు పట్టమని ఆమెకు సైగ చేసి, వాటిని ఏరడానికి వంగాడు.